సీసా మానిపించిన ఏడు వారాలు

పదిహేనో నెల టీకాకు తీసుకెళ్ళిన రోజున డాక్టరుగారు మావాడి పై పెదవిని వేలితో ఎత్తి చూశారు. ముందు పళ్ళమీద, చిగుళ్ళను ఆనుకొని, సుద్దముక్కతో గీసినట్లు సన్నని తెల్లని గీత. నాకది కొత్త కాదు. పాల చారిక అనుకొని రోజూ ఉదయం తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. “తుడిస్తే పోయేది కాదమ్మా, పన్ను పుచ్చడం ఇలాగే మొదలవుతుంది” అన్నారాయన. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. “రాత్రి సీసా నోట్లో ఉండగానే నిద్రపోతాడా?”

అవును. నిద్రపోవడానికి వాడికి తెలిసిన దారి అదొక్కటే.

రోజుకు ఎన్ని పాలు తాగుతాడని అడిగితే గర్వంగానే చెప్పాను. సీసాకు 180 మిల్లీలీటర్లు, రోజుకు ఐదు సీసాలు, మొత్తం 900. అన్నం సరిగా తినకపోయినా పాలైనా తాగుతున్నాడన్నది నా ధీమా. అన్నం తినకపోవడానికి కారణం ఆ పాలేనని నాకు తట్టలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఈ వయసు పిల్లలకు అది 11కు తగ్గకూడదన్నారు డాక్టరుగారు. ఆవుపాలలో ఇనుము చాలా తక్కువ. పైగా పాలలోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుమును కూడా సరిగా ఒంటపట్టనివ్వదు. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటనివ్వవద్దన్నారు, ఐరన్ చుక్కలు రాశారు, ఏడాదిన్నర నిండేలోపు సీసా పూర్తిగా మానిపించమన్నారు. అంటే నాకున్న గడువు మూడు నెలలు.

సీసా మా ఇంట్లోకి వచ్చింది నా ఉద్యోగంతో. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయాక ఉదయం ఎనిమిదింటికి బయలుదేరితే మళ్ళీ సాయంత్రం ఆరింటికే ఇల్లు చేరేదాన్ని. నేను రొమ్ము నుంచి పిండి ఫ్రిజ్‌లో ఉంచిన పాలను అత్తయ్య సీసాతో పట్టేవారు. ఏడాది నిండాక అదే సీసాలోకి ఆవుపాలు వచ్చాయి. అత్తయ్యను తప్పుపట్టే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. మోకాళ్ళ నొప్పులతో పిల్లవాడిని ఎత్తుకొని తిరగలేని మనిషికి, సీసా అందిస్తే వాడు ఊరుకోవడం ఎంత ఆసరాగా ఉండేదో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే సిప్పీ కప్పు కొన్నాను. రెండు పిడులు, మూతకు ఒక ముక్కు. పాలు పోసి చేతికిచ్చాను. ముక్కును రెండుసార్లు కొరికి విసిరేశాడు. పది రోజులు ఇదే తంతు, ఒక్క గుక్కా లోపలికి వెళ్ళలేదు. పదకొండో రోజున నేనే నోట పెట్టుకొని చూశాను. దవడలు నొప్పి పుట్టేలా లాగితే గాని పాలు రాలేదు. ఒలకకుండా ఉండడానికి మూత లోపల చిన్న సిలికాన్ బిళ్ళ బిగించి ఉంటుంది. అది తీసేసి వంచితే ధార హాయిగా వచ్చింది. సిప్పీ కప్పు కొనేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే, ఆ బిళ్ళ తీసి ఇవ్వండి. అది ఉన్నంతకాలం బిడ్డ చేసేది పీల్చడమే, సీసాతో చేసే పనే. గుక్క వేయడం దానితో రాదు. దాని అడుగున పాలు పేరుకొని పులిసిన వాసన కూడా వస్తుంది, సన్నని బ్రష్షుతో తోమితే తప్ప వదలదు.

బిళ్ళ తీసిన కప్పుతో నీళ్ళు తాగాడు. పాలు పోస్తే మాత్రం మూతి తిప్పుకున్నాడు.

ఆ వారంలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. సంచిలోంచి నా ఉగ్గుగిన్నె తీసింది. నేను పుట్టినప్పుడు అమ్మమ్మ పెట్టిన వెండి గిన్నె. “ఆముదం పోయకమ్మా” అన్నాను కంగారుగా. “ఆముదం ఎవరు పోస్తారే! పుట్టిన మూడో రోజున వీడు దేనితో తాగాడో మరిచిపోయావా?” అంది.

నిజంగానే మరిచిపోయాను. వాడు నెల ముందే పుట్టాడు, బరువు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. రొమ్ము పట్టి లాగే బలం లేదు. ఆసుపత్రిలో నర్సమ్మ నా చేత పాలు పిండించి, అచ్చం ఉగ్గుగిన్నెలాగే ముక్కున్న చిన్న స్టీలు గిన్నెను వాడి కింది పెదవికి ఆనించి, కొద్దికొద్దిగా పట్టేది. సీసా జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెప్పింది కూడా. మూడు రోజుల వయసులో గిన్నెతో తాగిన బిడ్డకు పదిహేనో నెలలో గ్లాసు చేతకాదని ఎలా అనుకున్నాను? నేను ఉద్యోగానికి వెళ్ళిన ఆరో నెలలోనే గ్లాసు అలవాటు చేసి ఉండవచ్చు. మనం పట్టుకుంటే ఆ వయసు పిల్లలు గ్లాసు అంచున తాగగలరు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది.

అమ్మ ఉగ్గుగిన్నెను రెండు రోజులే వాడింది. తర్వాత వాడి చేతుల్లో ఇమిడే చిన్న స్టీలు గ్లాసు తీసింది. ఎండాకాలం కావడంతో భోజనాల దగ్గర అందరం మజ్జిగ తాగుతున్నాం. వాడి గ్లాసులోనూ రెండు గుక్కల మజ్జిగ పోసింది, అంతకు మించి పోయనివ్వలేదు. నేను నిండుగా పోసి, ఒలికితే కసిరేదాన్ని. రెండు గుక్కలైతే ఒలికినా బాధ లేదు, తాగితే గ్లాసు ఖాళీ చేశానన్న సంబరం వాడిది. తాతయ్య గ్లాసు ఎత్తితే వాడూ ఎత్తేవాడు. నాలుగో రోజుకు “ఇంకా” అంటూ గ్లాసు చాచాడు. మజ్జిగ స్థానంలో పాలు రావడానికి మరో వారం పట్టింది.

పగటి సీసాలు మూడూ వారానికొకటి చొప్పున పోయాయి. మధ్యాహ్నానిది ముందు మాన్పించాం, ఆ వేళకు వాడికి ఆటల ధ్యాస ఎక్కువ. తర్వాత సాయంత్రానిది, ఆ తర్వాత పొద్దున లేవగానే ఇచ్చేది. మానిపించని సీసానైనా కూర్చోబెట్టి పట్టాలని, చేతికిచ్చి ఇల్లంతా తిరగనివ్వకూడదని అత్తయ్య నియమం పెట్టారు. మధ్యలో జలుబు చేసి రెండు రోజులు పగటి సీసా మళ్ళీ వచ్చింది, తగ్గగానే పోయింది. పాలు తగ్గిన వారంలోనే వాడు పప్పన్నం పళ్ళెం ముందు తనంతట తాను కూర్చున్నాడు.

రాత్రి సీసా సంగతి వేరు. అది పాల కోసం కాదు, నిద్ర కోసం. గ్లాసుతో పాలు పట్టగలం గాని నిద్రపుచ్చలేం. ఇన్నాళ్ళూ ఏ కప్పు మంచిదని వెతికాను గాని, విడదీయాల్సింది పాలనూ నిద్రనూ అని నాకు తోచలేదు. రాత్రి ఏడున్నరకు వంటింట్లో, దీపం వెలుగులో, కూర్చోబెట్టి గ్లాసుతో పాలు. తర్వాత బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోమడం. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు చీకటి గది, నా భుజం, జోలపాట. మొదటి రాత్రి యాభై నిమిషాలు ఏడ్చాడు. భుజం మీదనుంచి దించలేదు. ఏడుస్తున్న బిడ్డను గదిలో వదిలి రావడం నా వల్ల కాదు, అలా చేయాలనీ నేననుకోను. నాలుగో రాత్రికి ఏడుపు పది నిమిషాలకు వచ్చింది. ఆరో రాత్రి ఊరికే తల వాల్చి పడుకున్నాడు.

చివరిది అర్ధరాత్రి సీసా. రెండింటికి లేచేవాడు. నన్ను చూస్తే పాలు గుర్తొస్తాయని మా వారు లేచేవారు. రెండు రాత్రులకోసారి 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ 180 నుంచి 30 దాకా వచ్చాం. తర్వాత నీళ్ళే ఇచ్చాం. నీళ్ళ కోసం లేవడం మూడు రాత్రుల్లో మానేశాడు.

మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది. పళ్ళమీద గీత పోలేదు, పెరగనూ లేదు. పళ్ళ డాక్టరు ఫ్లోరైడ్ పూత వేశారు, మూడు నెలలకోసారి చూపించమన్నారు. సిప్పీ కప్పు ఇప్పుడు తెనాలి బస్సులో మంచినీళ్ళకు పనికొస్తోంది. ఇంట్లో అంతా గ్లాసే. రాత్రి పాలు అయిపోయాక దాన్ని రెండు చేతులతో తలకిందులుగా పట్టి చూపిస్తాడు. రాలే ఆ రెండు చుక్కల కోసం నా భుజం మీద ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది.