ఆర్టిక్యులేట్ అంటే గడగడా మాట్లాడటం కాదు

ఇంటర్వ్యూల్లో, మీటింగుల్లో 'భలే ఆర్టిక్యులేట్‌గా మాట్లాడాడు' అంటుంటారు. తీరా చూస్తే ఆ మాట్లాడినాయన చేసిందల్లా ఎక్కడా ఆగకుండా ఇంగ్లీషు దంచడం. దానికి ఫ్లూయెంట్ అనే మాట ఉంది కదా, ప్రవహించడం అనే అర్థమున్న లాటిన్ ఫ్లూయెరే నుంచి వచ్చింది. ఆర్టిక్యులేట్ దాదాపు దానికి ఎదురు.

లాటిన్‌లో ఆర్టస్ అంటే కీలు, ఆర్టిక్యులస్ అంటే చిన్న కీలు, వేలి కణుపులాంటిది. దాన్నుంచి పుట్టిన ఆర్టిక్యులారే అనే క్రియకు కణుపులుగా విడదీయడం, ఏ అక్షరానికి ఆ అక్షరం స్పష్టంగా పలకడం అని అర్థాలు, 16వ శతాబ్దంలో అది ఇంగ్లీషులోకి చేరింది. ఎముకలు కలిసే చోటును డాక్టర్లు ఇప్పటికీ ఆర్టిక్యులేషన్ అంటారు. మధ్యలో మలుపు తిరిగే పొడవాటి బస్సులు ఆర్టిక్యులేటెడ్ బస్సులు. ఆర్థరైటిస్‌లో ఉన్న గ్రీకు ఆర్థ్రాన్ కూడా కీలే. నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, ఎ, ఆన్, ది అనే ఆర్టికల్స్ కూడా ఈ కుటుంబమే: గ్రీకు వ్యాకరణంలో వాటి పేరు ఆర్థ్రాన్, రోమన్లు దాన్ని ఆర్టిక్యులస్ అని మార్చుకున్నారు, లాటిన్‌లో అసలు ఆర్టికల్సే లేకపోయినా! రాజ్యాంగంలో ఆర్టికల్, పత్రికలో ఆర్టికల్ కూడా ఆ చిన్న కీలే.

ఎక్స్‌ప్రెస్ కథ వేరు. దాని లాటిన్ మూలం ఎక్స్‌ప్రిమెరే, అంటే నొక్కి బయటికి తీయడం. లోపలున్నది ఎలాగోలా బయటపడితే చాలు, కోపాన్ని ఒక్క అరుపుతో ఎక్స్‌ప్రెస్ చేసేయొచ్చు, ఆర్టిక్యులేట్ చేయలేం. 'ఈ ప్లాన్ ఎందుకో నచ్చలేదు' అనడం ఎక్స్‌ప్రెస్ చేయడమే. 'ఖర్చుతో ఇబ్బంది లేదు, గడువుతోనే, అందులో టెస్టింగ్‌కి టైమ్ మిగలదు' అన్నామనుకోండి, అభ్యంతరం ఎక్కడుందో, ఎక్కడ లేదో, దేనివల్ల వచ్చిందో మూడూ విడివిడిగా కనిపిస్తాయి, ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. ఇది ఆర్టిక్యులేట్ చేయడం. దీనికి పెద్ద పదాలు అక్కర్లేదు, స్పీడు అసలే అక్కర్లేదు. తడుముకుంటూ, మధ్యమధ్యలో ఆగుతూ చెప్పేవాళ్లు కూడా దీన్ని చక్కగా చేస్తారు, మనమే తొందరపడి వాళ్లకు మాట్లాడటం రాదనేస్తాం.

అన్నట్టు, క్రియగా వాడితే చివర 'లేట్' అని సాగదీయాలి. విశేషణమైతే అది 'లిట్'కి దగ్గరగా, పొట్టిగా పలుకుతుంది.