రోటెన్‌బుర్గ్ కోటగోడ మీద పేర్లు

జర్మనీలో చుట్టూ కోటగోడ ఉన్న పాత ఊరు రోటెన్‌బుర్గ్‌లో మూడు రాత్రులుంటామంటే, న్యూరెంబర్గ్‌లో ఉండే తెలుగువాళ్లంతా ఒకటే మాటన్నారు: "అన్ని రోజులు ఏం చేస్తారు? ఒక్క పూటలో అయిపోతుందిగా!" న్యూరెంబర్గ్ నుంచి ఎవరు వెళ్లినా అంతే. పొద్దున బయల్దేరి, ప్లోన్‌లైన్ అనే పాత వీధి కూడలి దగ్గర ఫొటో దిగి, చీకటి పడగానే తిరుగు రైలెక్కేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే వెళ్లొచ్చాం. రెండుసార్లూ జనాన్ని తప్పించుకోవడంతోనే సరిపోయింది. ఈసారి తెనాలి నుంచి అత్తయ్య వచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పరుగులు పెట్టించే యాత్ర వద్దనుకున్నాం. డిసెంబరు మధ్యలో బాబు స్కూలుకి ఒక శుక్రవారం సెలవు పెట్టించి, గోడ లోపల పాత ఇంట్లో వంటగది ఉన్న చిన్న వాటా తీసుకున్నాం. క్రిస్మస్ ముందు రేట్లు మండిపోతున్నాయి. ఆ మూడు రాత్రుల డబ్బుతో మామూలు రోజుల్లో వారం ఉండొచ్చు.

వెళ్లే రోజు ఆన్స్‌బాఖ్‌లో రైలు ఆలస్యమై, ష్టైనాఖ్‌లో అందుకోవాల్సిన చిన్న రైలు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. గంట దాకా ఇంకోటి లేదు. కూర్చోవడానికి వెచ్చటి గది కూడా లేని ప్లాట్‌ఫాం మీద, పెద్దావిడని పెట్టుకుని ఆ చలిలో నిలబడ్డ గంట తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. అత్తయ్య మాత్రం శాలువా చెవుల మీదకి లాక్కుని, బాబుకి పొడుపు కథలు వేస్తూ గడిపేశారు.

మొదటి రోజంతా ఏమీ చేయలేదు. కుక్కర్‌లో అన్నం, నిమ్మకాయ చారు, వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని అత్తయ్య వీధి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగుంపావుకే చీకటి పడింది. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఊరు ఒక్కసారిగా సర్దుమణిగింది. రాళ్లు పరిచిన వీధిలో ఎవరో నడిచి వెళ్తుంటే ఆ అడుగుల చప్పుడు మేడ మీదికి వినిపించింది. రెండుసార్లు వచ్చినా నేను వినని చప్పుడు అది. ఇక్కడ రాత్రి ఉండాలని ఎవరికైనా చెప్పేది అందుకే.

మర్నాడు క్రిస్మస్ సంతకెళ్లాం. రైటర్‌లెస్‌మార్క్ట్ అంటారు, ఐదొందల ఏళ్లకు పైబడిన సంత. బాబు గంట గంటకీ టౌన్‌హాలు పక్కనున్న గడియారం దగ్గరికి లాక్కెళ్లాడు. గంట కొట్టగానే కిటికీలు తెరుచుకుని ఇద్దరు బొమ్మ మనుషులు కనిపిస్తారు, ఒకరు టిల్లీ సేనాపతి, ఇంకొకరు ఊరి మేయర్. 1631లో టిల్లీ ఊరిని పట్టుకున్నప్పుడు, అతను పెట్టిన పందెం ప్రకారం మూడుంపావు లీటర్ల వైను ఒక్క గుక్కలో తాగి మేయర్ ఊరిని కాపాడాడని కథ. జరిగిన సంగతి కాదంటారు చరిత్ర తెలిసినవాళ్లు. బాబుకి అదేం పట్టలేదు, నాలుగుసార్లు చూశాడు.

ఇక్కడ ష్నేబాలెన్ అని ఒకటి అమ్ముతారు. మంచు ఉండలని అర్థం. ఒక్కోటి నాలుగు యూరోలు దాటింది. గుడ్డు వేస్తారని అత్తయ్య తినలేదు కానీ, కాగితంలో పెట్టి ఇస్తే చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. పల్చగా వత్తిన పిండిని పట్టీలుగా కోసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి, ఉండలా పట్టి వేయించిన గుర్తులు కనిపిస్తాయి. ఒక పట్టీ కొసని గోటితో విరిచి, "కాజా పిండే అమ్మాయ్. పాకం పట్టకుండా పైన పంచదార పొడి చల్లేశారు, అంతే. మన కాజాలో నోట్లో పెట్టుకోగానే పాకం కారాలి" అన్నారు. తాపేశ్వరం కాజా తిన్నవాళ్లెవరైనా ఆ మాటే అంటారు. బాబు మాత్రం స్వెట్టర్ నిండా పంచదార పోసుకుని మొత్తం తిన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన, బాబు కోటగోడ ఎక్కుతామన్నారు. టికెట్ ఏమీ లేదు, రోడర్ ద్వారం దగ్గర మెట్లున్నాయి. అత్తయ్యని కింద బెంచీ మీద కూర్చోబెట్టి నేను తోడుందామనుకున్నాను. "ఇంత దూరమొచ్చి కిందెందుకు? నేనూ వస్తా" అన్నారు. ఒక చేయి గోడకి, ఒక చేయి నాకు ఇచ్చి, ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. పైన ఇరుకైన దారి, నెత్తి మీద పెంకుల కప్పు. ఒక పక్క ఎర్రటి ఇంటికప్పులు, ఇంకో పక్క గోడ. ఆ గోడలో కంటికెదురుగా చిన్న చిన్న రాతి పలకలు బిగించి ఉన్నాయి. ఒక్కో పలక మీద ఒక పేరు, ఒక ఊరు.

అత్తయ్య ఆగిపోయారు. "ఏం రాశారమ్మా ఇక్కడ?" అంటే, బాబు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. గోడకి చందాలిచ్చినవాళ్ల పేర్లని చెప్పాను. 1945 మార్చి 31న అమెరికా విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. దాదాపు నలభై మంది పోయారు. పాత ఊళ్లో దాదాపు 40 శాతం నేలమట్టమైంది, గోడా కూలింది. యుద్ధమయ్యాక, మీటరుకింత అని డబ్బు పంపినవాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కి, గోడని మళ్లీ లేపారు. ఇప్పుడు మనం చూసే ఈ పాతకాలపు ఊరిలో కొంత భాగం మా అమ్మ వయసుది కూడా కాదు.

"అందరూ ఈ ఊరివాళ్లేనా?" అనడిగారు. కాదన్నాను. జపాన్ వాళ్ల పేర్లు బోలెడు. అమెరికా వాళ్లవీ ఉన్నాయి. "బాంబులు వేసినవాళ్లూ ఇచ్చారా!" అని ఒక పలక మీద చేయి వేసి నిలబడిపోయారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో, అమెరికా యుద్ధశాఖలో పెద్ద పదవిలో ఉన్న జాన్ మెక్లాయ్‌కి ఈ ఊరి విలువ తెలుసు కాబట్టి ఫిరంగులతో కొట్టొద్దన్నారని, అందుకే మిగిలిన ఊరైనా దక్కిందని మా ఆయన చెప్పారు. అత్తయ్య అది విన్నారో లేదో. ఆవిడ మనసు అప్పటికే తెనాలి వెళ్లిపోయింది.

వాళ్ల వీధి చివర రామాలయంలో, మండపం నేలకి బండలు వేయించినప్పుడు మామయ్యగారు వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం ఒక బండకి డబ్బు కట్టారట. పేరు గోడ మీద చెక్కిస్తామన్నారట పూజారిగారు. మామయ్యగారు ఒప్పుకోలేదట. "నేల మీదే వేయండి, వచ్చే భక్తుల పాదధూళి మా నాన్న పేరు మీద పడాలి" అన్నారట. పెళ్లయిన పన్నెండేళ్లలో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. మా ఆయనకీ తెలియదు. ఆ గుళ్లోనే ఆడుకుని పెరిగిన మనిషి!

ఆ తర్వాత అత్తయ్య ఒక్క పలక కూడా వదల్లేదు. తెలుగు పేరు ఒక్కటైనా ఉంటుందేమో చూడమని బాబుకి పురమాయించారు. వాడు ముందు పరిగెత్తుతూ చదువుతున్నాడు, ఆవిడ వెనక నెమ్మదిగా నడుస్తున్నారు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అయినా పోదామనాలనిపించలేదు. అక్షరాలు కనిపించనంత చీకటి పడ్డాక గానీ దిగలేదు. మేం చూసినంతలో తెలుగు పేరు కనిపించలేదు.

తిరుగు రైల్లో అత్తయ్య వాళ్ల తమ్ముడికి ఫోన్ చేయించుకున్నారు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "ఒరేయ్, రేపు పొద్దున గుడికెళ్లి, మీ బావగారు వేయించిన బండ మీద అక్షరాలు ఉన్నాయో లేదో చూడు. ధ్వజస్తంభం వైపు నుంచి మూడో వరస" అన్నారు.

మర్నాడు మేం లేచేసరికి వాట్సాప్‌లో ఫొటో వచ్చి ఉంది. పెళ్లిళ్లకి వాడే ప్లాస్టిక్ కుర్చీల దొంతర పక్కకి జరిపి తీసిన ఫొటో. బండ నున్నగా అరిగి ఉంది. "జ్ఞాపకార్థం" అన్న మాటొక్కటే చదవడానికి వస్తోంది, పైన పేరు లేదు. నాకు గుండె కలుక్కుమంది. అత్తయ్య ఫోన్ దగ్గరగా పెట్టుకుని, వేలితో పెద్దది చేసి చూసి, "చాలామందే తొక్కారు" అన్నారు సంతోషంగా. ఫోన్ బాబుకిచ్చి, ముత్తాత పేరేంటో చెప్పి, రెండుసార్లు పలికించారు.