మెడ దగ్గర గీత

రాత్రి పదకొండు దాటింది. గ్యారేజీలో దీపం ఆర్పి వచ్చి పడుకున్నాను గాని, ఆ నల్ల చార కళ్ల ముందు నుంచి కదలడం లేదు. లేచి ఇది రాస్తున్నాను.

పాతకాలపు పెన్సిల్వేనియా రైఫిల్ తరహా చెకుముకి తుపాకీ ఒకటి చేస్తున్నాను. దాని కర్ర భాగానికి చెర్రీ పలక తెచ్చాను. అయిదడుగుల పొడవు, రెండున్నర అంగుళాల మందం. ఇంటికి తెచ్చి జానెడు మేర చిత్రిక పడితే లేత గులాబి రంగు చెక్క బయటపడింది, దానితోపాటే మడమ, అంటే భుజానికి ఆనే వెనక భాగం, వచ్చే చోట గోరంత వెడల్పున నల్లటి జిగురు చార. చెర్రీ చెట్టును పురుగు తొలిస్తే గాయం దగ్గర జిగురు ఊరి, చెక్కలోనే ఉండిపోతుంది. తెలిసిన సంగతే. అయినా మనసు చివుక్కుమంది.

అంతకన్నా చెక్క కొట్టతని మాటలే ఎక్కువ మండించాయి. చెర్రీ అనగానే మొహం చిట్లించాడు. పెన్సిల్వేనియా రైఫిల్ అంటే అడ్డ చారలు మెరిసే మేపుల్ చెక్కేనట. చెక్క గట్టిదనం కొలిచే జంకా లెక్కలో షుగర్ మేపుల్ 1450 అయితే చెర్రీ 950 మాత్రమేనట. ఎర్ర మేపుల్ కూడా 950యే కదా! దానితో పాతవాళ్లు తుపాకులు చేయలేదా? లాంకాస్టర్ చుట్టుపక్కల 18వ శతాబ్దపు పనివాళ్లు ఎక్కువగా మేపులే వాడారు, కాదనను. వాల్‌నట్‌తోనూ చెర్రీతోనూ కూడా చేశారు. మేముంటున్న ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంలో వాయవ్యాన ఉన్న అలెఘెనీ పీఠభూమి నల్ల చెర్రీకి పుట్టిల్లు లాంటిది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇక్కడివాడే దాన్ని తీసిపారేస్తే నాకు బాధేసింది. పైగా రంగు పూస్తే మేపుల్‌లా కనిపిస్తుందని సలహా! చెర్రీ రంగును మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. చెక్క అమ్మే మనిషికి అది తెలియకపోతే ఎలా?

రెండు పలకలు తీయించాను. మొదటిదానిలో నీటి అలల్లాంటి మెరుపు, చూడగానే ఆశ పుట్టింది. తుపాకీ ఆకారంలో కోసిన కాగితం నమూనా పరిచి చూస్తే మెడ దగ్గర చెక్కలోని గీతలు అడ్డంగా తెగిపోయాయి. తుపాకీకి చేయి పట్టే ఆ సన్నని మెడే ఆయువుపట్టు. పేలినప్పుడల్లా వెనక్కి తన్నే దెబ్బ దాని మీదుగానే భుజానికి చేరుతుంది. గీతలు వంపు వెంట సాగకపోతే ఏదో ఒకనాడు అక్కడే విరుగుతుంది. రెండోదానిలో గీతలు మెడతోపాటే వంగి మడమ చివరి దాకా వెళ్లాయి. అదే తెచ్చాను.

మా ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు వీధి గుమ్మానికి టేకు కొనడానికి నాన్నగారు ఆచారి గారిని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. నాకు తొమ్మిదేళ్లు. డిపోలో తడి రంపపు పొట్టు వాసన ఇప్పటికీ గుర్తుంది. నాన్నగారికి పూలు చెక్కినట్టున్న దూలం ఒకటి నచ్చింది. ఆచారి గారు భుజం మీది తువ్వాలు తడిపి దాని మీద తుడిచారు. తడికి గీతలన్నీ లేచాయి. వేలితో ఒక గీత వెంట నడుస్తూ వెళ్లి, అది పక్కకు తప్పుకున్న చోట ఆగారు. "ఇది వంకర తిరుగుతుంది బాబుగారూ, వద్దు" అన్నారు. ఆయన ఎంచిన దూలానికి అంచున ఒక ముడి ఉంది. నాన్నగారికి ఇష్టం లేదు. బస్సులో దారి పొడవునా మాట్లాడలేదు. ఆచారి గారు ఆ ముడిని పై కమ్మీలో, తోరణం కట్టే వైపుకు తిప్పి బిగించారు. నాన్నగారు పోయేదాకా ఆ తలుపు ఏ వానాకాలంలోనూ పట్టేయలేదు.

పలక రేపు వెనక్కి ఇచ్చేద్దామనుకుంటూనే ఈ రాత మొదలుపెట్టాను. ఇప్పుడు ఇవ్వబుద్ధి కావడం లేదు. జిగురు చార ఉన్నది మడమలో, మెడలో కాదు. బుగ్గ ఆనించే వైపు కాకుండా రెండో వైపుకు పడేలా నమూనా కాస్త జరిపితే సరిపోతుందేమో, పొద్దున చూడాలి. కొట్టతని మీద కోపం కూడా కొంచెం తగ్గింది. నమూనా పరుచుకోమని తన బల్ల మీది సరుకంతా తీసి చోటిచ్చాడు, అరగంట ఓపిక పట్టాడు. రంగు మాట మాత్రం క్షమించలేను.

చెర్రీకి చాలామంది కాస్టిక్ సోడా నీళ్లు పూస్తారు, చూస్తుండగానే ఎరుపెక్కుతుంది. నేనూ సోడా కొని పెట్టుకున్నాను. మా ఆవిడ "తొందరేముంది, ఎండలో పెట్టండి" అంది. వెలుతురు తగిలితే చెర్రీ తనంతట తానే ముదురుతుందన్నది నిజమే.

పలక చివర కోసిన ముక్కకు సగం మేర నల్ల కాగితం అంటించి, తూర్పు కిటికీలో పెట్టి వచ్చాను. ఆదివారం కాగితం విప్పుతాను.