కట్టు విప్పిన పొద్దున

లయన్స్ క్లబ్ వాళ్ల కంటి శిబిరానికి నాయనమ్మను తీసుకెళ్లాను. బీపీ, షుగర్ చూశాకే ఆపరేషన్ అన్నారు. షుగర్ ఎక్కువుందని మా ముందున్న పెద్దాయన్ని ఆపేస్తే, "మళ్లీ ఎప్పుడు పెడతారు బాబూ?" అని ఆయన అడిగిన తీరు ఇంకా చెవుల్లోనే ఉంది. నాయనమ్మను వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లి శుక్లం తీసి లెన్స్ వేశారు. అరగంట కూడా పట్టలేదు. టెన్షన్ అంతా నాదే!

అంధుల పక్షాన నిలబడమని 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్‌ని అడిగారు. ఆ మాట ఇక్కడిదాకా వచ్చి షామియానా కింద టోకెన్లు పంచుతోంది.

మర్నాడు కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టబోతుంటే నా చెయ్యి ఆపి, మొహంలోకి చూసింది.

"ఏరా, అప్పుడే తెల్లవెంట్రుకలా?"

రెండేళ్లయింది నాయనమ్మా.