ఉన్న కాలు

నాకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. 2003లో రాజస్థాన్ సరిహద్దులో పోయింది. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యమంతా బోర్డరుకు కదిలింది. మైళ్ల పొడవునా మైన్లు, అంటే మందుపాతరలు, పాతారు. మరుసటి అక్టోబరులో బలగాలను వెనక్కి పిలిచారు గానీ, మైన్లు పిలిస్తే వచ్చేవి కావు. పాతినవాటిని ఒక్కొక్కటే తియ్యాలి, ఆ పని సాపర్లది, అంటే సైన్యంలోని ఇంజనీరు జవాన్లది. మాది మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. బెంగళూరులో హలసూరు చెరువు పక్కనున్న సెంటర్లోనే మా ట్రైనింగు.

ఎక్కడ ఏది పాతారో మ్యాపు ఉంటుంది. కానీ ఎడారిలో ఇసుక మ్యాపు చూసుకుని కదలదు. ఎం-14 రకం మైను అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. అందులో పేలుడు మందు 30 గ్రాములు కూడా ఉండదు. పాదం తీసెయ్యడానికి అది చాలు. శబ్దం నాకు గుర్తులేదు, నోట్లో ఇసుక గుర్తుంది.

ఆసుపత్రిలో మోకాలు నిలబెట్టారు. దాని విలువ పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కు వెళ్లాకే తెలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్నవాళ్ల కోసం 1944లో పెట్టిన కేంద్రమది. మోకాలి పైన పోయినవాళ్ల అవస్థ చూశాక నా గురించి ఏడవడం తగ్గింది. అక్కడ కాలు ఇచ్చే ముందు స్టంపును, అంటే తీసేయగా మిగిలిన కాలి మొండిని, తయారుచేస్తారు. వాపు దిగేలా బ్యాండేజీ కట్టాలి. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే తిట్టేవారు, కీలు వంగిపోయి బిగుసుకుపోతే ఎంత మంచి కాలు ఇచ్చినా నడవలేం. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టేవారు. అక్కడి ఫిజియో మాటిమాటికీ మురళీకాంత్ పెట్కర్ పేరెత్తేవాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలినా 1972లో హైడెల్బర్గ్ పారాలింపిక్స్ ఈతలో బంగారు పతకం తెచ్చిన జవాను ఆయన. నాకు ఈతా వద్దు పతకమూ వద్దు, ఊళ్లో ఇంటి వెనక దొడ్డికి నా అంతట నేను వెళ్లగలిగితే చాలనుండేది.

లేని పాదం నొప్పి మాత్రం చాలాకాలం వదల్లేదు. రాత్రి పడుకోగానే ఎడమ బొటనవేలిని ఎవరో మెలితిప్పినట్టుండేది. ఇంజక్షన్లు, మాత్రలు అయ్యాయి. తర్వాత బెంగళూరులో ఒక ఫిజియో అమ్మాయి నా రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, కుడి పాదాన్ని కదిలిస్తూ అద్దంలో చూడమంది. అద్దంలో కనిపించేది ఎడమ పాదంలాగే ఉంటుంది, మెదడు దాన్ని నమ్ముతుంది. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో కనిపెట్టిన పద్ధతట. అందరికీ పనిచెయ్యదు. నాకు సగం పనిచేసింది, ఆ సగంతోనే నిద్ర పట్టింది.

ఉద్యోగం పోలేదు. అప్పటిదాకా షేప్-వన్, అంటే పూర్తి ఫిట్, ఆ తర్వాత లో మెడికల్ కేటగిరీ. తిరిగి సెంటర్‌కే వచ్చి స్టోర్లో లెక్కలు రాశాను. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, హవల్దార్‌గా రిటైర్మెంటు, కె.ఆర్. పురంలో చిన్న ఇల్లు. మా గిద్దలూరు, కంభం వైపు నుంచి ఫౌజులోకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఊరు వదిలిన బెంగ పెద్దగా లేదు.

అసలు భయం నలభై దాటాక పట్టుకుంది. షుగర్ వచ్చింది. మైను తీసుకున్న కాలు గురించి కాదు టెన్షన్, అది పోయేదేదో పోయింది. ఉన్న కాలు సంగతేమిటి? షుగర్ పాదంలో నరాలను తినేస్తుంది, పుండు పడినా తెలియదు. పైగా ఒక కాలు లేనివాడు బరువంతా రెండోదాని మీదే వేస్తాడు.

ఆ రోజుల్లోనే మిలిటరీ ఆసుపత్రి వార్డులో ఒక అనంతపురం ఆయన ఉన్నాడని, తెలుగువాళ్లెవరైనా వచ్చి మాట్లాడితే బాగుంటుందని కబురొచ్చింది. ఆర్టిలరీలో నాయక్‌గా రిటైరై, వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా చేసేవాడు. పన్నెండు గంటల డ్యూటీ, బూట్లు విప్పే పని లేదు. కొత్త బూటు చిటికెన వేలు దగ్గర ఒరిసి బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు. సాక్సుకు రక్తం అంటుకుంటే పసుపు అద్ది మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. వాసన వచ్చేదాకా భార్యకు కూడా చెప్పలేదు. కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన సంగటి డబ్బా పట్టుకుని కూర్చునుంది. నా సంగతి చెబితే ఇటు తిరగకుండానే అన్నాడు, "నీది యుద్ధంలో పోయిన కాలు తమ్ముడూ. నాది తిండి కక్కుర్తికి పోయిన కాలు. నువ్వు చెప్పుకోగలవు, నేనెవరికి చెప్పుకోను?"

నాకేం చెప్పాలో తోచలేదు. ప్యాంటు పైకి మడిచి, కాలు ఊడదీసి మంచం మీద పెట్టాను. స్టంపుకు తొడిగే లైనరు కూడా ఒలిచేశాను. ఆయన మెల్లగా ఇటు తిరిగి నా స్టంపు వైపు చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నగా ఉందేం?"

"ఇరవై ఏళ్లయిందన్నా, కండ కరిగిపోయింది. మొదట్లో నీదాన్లాగే ఉబ్బి ఉండేది."

"మరి నాకు ఈ కట్టు ఊరికే జారిపోతోంది."

చూస్తే, కట్టు గుండ్రంగా చుట్టి పైన బిగించారు. అలా కడితే కింద వాపు పెరుగుతుంది. ఏటవాలుగా, ఎనిమిది అంకె వేసినట్టు, చివర బిగువుగా పైకి వచ్చేకొద్దీ వదులుగా రావాలి. నర్సును పిలిచి అడిగి, ఆమె చూస్తుండగా వదిన చేత కట్టించాను. మూడోసారికి కుదిరింది. ఇక ఆ తర్వాత ఆయన గోడవైపు తిరగలేదు, సంగటి గురించి గొడవ మొదలుపెట్టాడు.

ఆయన అన్న ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం. మా మాజీ సైనికుల్లో కాలు లేనివాళ్లకు కూడా కులాలున్నాయి. జనవరి 26న నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుతారు. సెలవులో బైకు మీంచి పడ్డవాడు వెనక వరసలో కూర్చుంటాడు. షుగర్‌కు కాలు పోయినవాడు అసలు రాడు. కాగితాల్లోనూ అంతే. నాది యుద్ధగాయం కిందికి వస్తుంది కాబట్టి వార్ ఇంజురీ పెన్షన్. జబ్బు సర్వీసులో ఉండగా మొదలైనా, మెడికల్ బోర్డు 'సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు' అని రాస్తే డిజెబిలిటీ పెన్షన్ లేనట్టే. ఆ వాక్యం రాసిన కాగితాన్ని ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లను చూశాను. చేరేటప్పుడు రికార్డులో ఆ జబ్బు లేకపోతే జవాను ఆరోగ్యంగా చేరినట్టే లెక్క అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద అప్పీలు చేసినవాళ్లు ఉన్నారు. గెలుస్తారని ఎవరికీ మాటివ్వను, ఇలాంటివాటిలో ఒక్కో కేసుది ఒక్కో కథ, పైగా రూల్సు మారుతుంటాయి. కాగితాలు చదివి పెడతాను, తేదీలు వరసగా రాసి ఇస్తాను. స్టోర్లో లెక్కలు రాసిన చెయ్యి కదా.

మా అనంతపురం అన్నకు రిటైరైన తర్వాతే షుగర్ బయటపడింది, ఆ పెన్షన్ దారి లేదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు మీద కాలు వచ్చింది. కాలు వచ్చాక ఉద్యోగం కావాలి. పాత అపార్ట్‌మెంటుకే ఇద్దరం వెళ్లాం. సెక్రటరీ మన తెలుగబ్బాయే, కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. గేటు దగ్గర కుర్చీ వెయ్యమంటే, "సెక్యూరిటీ కూర్చుంటే నిద్రపోతాడు అంకుల్, రెసిడెంట్స్ కంప్లైంట్ చేస్తారు" అన్నాడు. నువ్వు రోజంతా నిలబడే పనిచేస్తావా బాబూ అని అడిగాను. నవ్వేశాడు గానీ కుర్చీ ఇవ్వలేదు. నెల పోయాక లోపల సీసీటీవీ గదిలో పని ఇచ్చారు, అదీ ఎవరో రిటైర్డ్ కల్నల్ సాబ్ అదే అపార్ట్‌మెంటులో ఉండి గట్టిగా మాట్లాడితే.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటి వరండాలో నలుగురైదుగురం చేరతాం. ఫైళ్లు తెచ్చేవాళ్లు ఫైళ్లు, పాదాలు చూపించుకునేవాళ్లు పాదాలు. హాస్పిటల్లో షుగర్ నంబరు చూస్తారు, మాత్ర రాస్తారు, రద్దీలో సాక్సు విప్పమనే తీరిక ఎవరికుంటుంది? పాదం పరీక్షకు ఒక నైలాన్ దారం ఉంటుంది, సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. కళ్లు మూసుకోమని పాదం కింద అక్కడక్కడ తాకిస్తారు. తాకినట్టు తెలియకపోతే నరం మొద్దుబారినట్టు, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. మాకు నేర్పింది ఆ ఫిజియో అమ్మాయే. దారం బాధ్యత అనంతపురం అన్నది. అది చేతిలో ఉంటే ఎంత సుబేదార్ సాబైనా సాక్సు విప్పాల్సిందే, వేళ్ల సందులు కూడా టార్చి వేసి చూస్తాడు.

మొన్న నా కుడి పాదం చూశాడు. మడమ దగ్గర తెలిసింది, బొటనవేలు దగ్గర తెలిసింది. చిటికెన వేలు కింద మూడుసార్లు తాకించాడట, నేను ఒక్కసారీ చెప్పలేదు. గురువారానికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాను. ఈలోపు హవాయి చెప్పులు బంద్ అని అన్న ఆర్డరు, మా ఆవిడ వాటిని అప్పుడే బయట పారేసింది.