బోధనకు మిగిలే పూట

రాత్రి పదకొండు దాటాక కూడా నేను రోగుల రికార్డులు రాస్తున్నట్టు కంప్యూటర్ లెక్కల్లో కనబడుతోందని, అది ఇకమీదట సాగకూడదని, అమెరికాలో నేను పనిచేసే ఆసుపత్రిలో మా విభాగాధిపతి ఇటీవల పిలిచి చెప్పారు. ఆ మాట నాకు మందలింపుగానే తగిలింది. గుంటూరు మెడికల్ కాలేజీలో ఓపీ ముగిశాక కూడా వార్డు వదలని ప్రొఫెసరు గారినే మేము గురువుగా కొలిచాం. పని ఎక్కువ చేసినందుకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందని అక్కడ ఎవరమూ ఊహించలేదు.

అయితే విభాగాధిపతి ఆ తరువాత అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు: ఈ వారం రెసిడెంట్లతో, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లతో, రోగి మంచం దగ్గర ఎంతసేపు నిలబడ్డారు?

అమెరికాలో రెసిడెంట్లకు 2003 నుంచి వారానికి 80 గంటల హద్దు ఉంది. వాళ్లు ఇంటికి వెళ్లాక మిగిలిన పని వాళ్లను పర్యవేక్షించే అటెండింగ్ డాక్టరు మీద పడుతుంది, ఆయనకు మాత్రం అటువంటి హద్దేదీ లేదు. చూసిన ప్రతి రోగికీ ఆర్వీయూలు (డాక్టరు చేసిన పనిని కొలిచే పాయింట్లు) జమ అవుతాయి గానీ, గుండె చప్పుడులో వినిపించే అదనపు శబ్దమైన మర్మర్‌ను ఎలా పట్టుకోవాలో విద్యార్థికి నేర్పిన అరగంటకు ఏమీ జమ కాదు. రికార్డులను రోగికి ఆలస్యం లేకుండా అందించాలని 2021 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన వల్ల పరీక్షల ఫలితాలు చాలాసార్లు మాకంటే ముందే రోగి ఫోనుకు చేరుతున్నాయి. అవి చూసి రోగులు మాకు సందేశాలు పంపుతారు; వారి ఆందోళన న్యాయమైనదే కనుక వాటికి జవాబివ్వక తప్పదు. ఇన్నిటి మధ్య కోత పడేది బోధనకే.

మేయో క్లినిక్ అనే అమెరికా ఆసుపత్రిలోని మెడిసిన్ విభాగపు అధ్యాపక వైద్యులపై టెయిట్ షానఫెల్ట్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనాన్ని నేను తరచు తలచుకుంటాను. తమకు అత్యంత విలువైనదిగా తోచే పనికి, అది వైద్యమైనా పరిశోధనైనా బోధనైనా, తమ సమయంలో 20 శాతం కూడా ఇవ్వలేని వారిలో దాదాపు 54 శాతం మంది బర్న్‌అవుట్‌కు, అంటే పని ఒత్తిడితో వచ్చే తీవ్రమైన అలసటకూ నిరాసక్తతకూ, గురికాగా, ఇవ్వగలిగిన వారిలో అది 30 శాతమే. ఆ 20 శాతం అంటే వారానికి ఒక్క రోజు. మాకు ఈమెయిల్‌లో వచ్చే ధ్యానం యాప్‌లూ యోగా తరగతులూ ఆ ఒక్క రోజును తెచ్చిపెట్టలేవు.

గుంటూరు ఓపీలో జనం ఇక్కడికంటే ఎన్నో రెట్లు ఎక్కువే అయినా, ఆ జనం మధ్యనే పాఠం జరిగేది. బోధనకు వేరే వేళ వెతుక్కోవలసిన అవసరం మా సార్‌కు రాలేదు. ఆయన అలసిపోకుండా ఉండటానికి అదే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వ్యవస్థ బరువును కంటిమీద కునుకు లేని పీజీలు మోశారన్నదీ నిజమే, అయినా ఆ వార్డు మీద నాకు బెంగ తగ్గదు.

విభాగాధిపతి నా గురువారం మధ్యాహ్నపు క్లినిక్ తీసేసి, ఆ పూట బోధనకే అన్నారు. జీతం తగ్గించలేదు. ఇంతటి ఆదరణను నేను ఆశించలేదు, కానీ అది ఆవిడ మంచితనం మీద నిలిచిన పూట. ఆవిడ పదవి మారితే అదీ పోతుంది. అందుకే మా విభాగంలో పాఠం చెప్పే ప్రతి డాక్టరు ఒప్పందంలోనూ దాన్ని రాతపూర్వకంగా చేర్చమని అడుగుతున్నాం.