ట్రాక్ పోలోలో కూల్ షర్ట్: డబ్బా, పంపు, గొట్టాలు, ఇప్పటిదాకా అయిన పని

కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.2 టీఎస్‌ఐ. ఏసీ, వెనక సీట్లు, కార్పెట్లు అన్నీ తీసేసి రోల్ కేజ్, బకెట్ సీటు, ఆరు పాయింట్ల బెల్టు వేసి ఉంది. తిరిగేది ఎక్కువగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద. అక్కడ ఎండ కన్నా ఉక్కపోతతోనే ఇబ్బంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు. పైన ఓవరాల్, లోపల నోమెక్స్ (మంటను తట్టుకునే బట్ట) బనీను, తలకూ మెడకూ తొడిగే బలక్లావా, హెల్మెట్. ఇన్ని పొరల మీద తేమగాలి ఊదినా పెద్దగా లాభం ఉండదు. అందుకే బ్లోయర్‌తో సరిపెట్టకుండా చల్లటి నీళ్లు తిరిగే చొక్కా పెడుతున్నాం.

ఇది సుకుమారుల వ్యవహారం అనుకునేవాళ్లు 2023 ఫార్ములా వన్ ఖతార్ గ్రాండ్ ప్రి గుర్తు తెచ్చుకోవాలి. ఆ వేడికి డ్రైవర్ ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు, ఇంకో డ్రైవర్ సార్జెంట్ రేసు మధ్యలో కారు ఆపేశాడు. ఆ తర్వాతే, హీట్ ఇండెక్స్ (వేడి, తేమ కలిసి ఒంటికి తెలిసే ఉష్ణోగ్రత) 31 డిగ్రీలు దాటుతుందని అంచనా ఉంటే డ్రైవర్ కూలింగ్ పరికరాలు కారులో ఉండాలని అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ 2025 సీజన్‌కు రూల్ తెచ్చింది. ఆ 31 చెన్నైలో చాలా నెలలు మామూలు సంగతే.

ముందు వేడి లోపలికి రాకుండా

చొక్కా కొనడానికి ముందే చేయాల్సిన పని ఇది. ఏసీ పైపులు తీసేసిన చోట ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) కన్నాలు మిగిలిపోతాయి. ఇంజిన్ బే వేడి అంతా వాటిలోంచి డ్రైవర్ కాళ్ల మీదికి కొడుతుంది. వాటికి 1 మి.మీ. అల్యూమినియం రేకు రివెట్ చేసి, చుట్టూ వేడి తట్టుకునే సీలెంట్ పట్టించాం. ఎగ్జాస్ట్ టన్నెల్ పైన అల్యూమినియం పూత ఉన్న గ్లాస్ ఫైబర్ మ్యాట్ వేశాం. సీటు దగ్గర ఫ్లోర్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగితే ఈ పని అయినట్టే.

ఐస్ ఎంత?

పెద్ద డబ్బా, నిండా ఐస్ అనుకుంటారు చాలామంది. లెక్క వేస్తే అంత అక్కర్లేదు. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. చొక్కా ఒంటి నుంచి లాగే వేడిని 200 వాట్లు, డబ్బా, గొట్టాలు బయటి నుంచి పీల్చుకునేది 80 వాట్లు అనుకుందాం. మొత్తం 280. అరలీటరు నీళ్ల బాటిళ్లు ఆరు తీసుకుని, ఒక్కోదాంట్లో 450 మి.లీ. పోసి గడ్డకట్టిస్తే 2.7 కిలోల ఐస్, అంటే దాదాపు 900 కిలోజౌళ్లు. 280 వాట్ల లెక్కన 50 నిమిషాలు దాటి వస్తుంది. ట్రాక్ డే సెషన్ 20 నిమిషాలు, ముందు పిట్ లేన్‌లో నిలబడేది ఇంకో 10 అనుకున్నా మిగులే. సెషన్‌కో బాటిళ్ల సెట్టు మార్చుకుంటే చాలు, మిగతా బరువు మోయక్కర్లేదు.

బాటిళ్ల వల్ల ఇంకో మేలుంది, మా దృష్టిలో అదే ముఖ్యం. విడి ఐస్ నీళ్లలో తేలుతుంటే చొక్కాలోకి వెళ్లే నీళ్లు 2, 3 డిగ్రీలకు పడిపోతాయి. అంత చల్లదనానికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోతాయి, లోపలి వేడి పైకి రాదు. డ్రైవర్‌కు వణుకు పుడుతుంది, ఒళ్లు మాత్రం లోపల కాగుతూనే ఉంటుంది. బాటిల్ గోడ అడ్డం ఉండడం వల్ల ఐస్ నిదానంగా కరుగుతుంది, నీళ్లు 10 డిగ్రీల పైనే నిలుస్తాయి. ఖర్చు లేని థర్మోస్టాట్ ఇది. మార్కెట్‌లో దొరికే దిమ్మ ఐస్ కొట్టి వేస్తే అందులోని ఇసుక, రంపపు పొట్టు ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. ఉప్పు అసలు వేయకూడదు. నీళ్లు సున్నా కిందికి పోయి చర్మం దెబ్బతింటుంది, పంపు తుప్పు పడుతుంది.

డబ్బా

10 లీటర్ల ఐస్ బాక్స్, అందులో 4 లీటర్ల నీళ్లు, ఆరు బాటిళ్లు. పంపు, గొట్టాలతో కలిపి 10 కిలోల దాకా వస్తుంది. ఎడమ సీటు తీసేసిన జాగాలో, ఫ్లోర్‌కు వీలైనంత కిందుగా కూర్చోబెట్టాం. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బిగింపులకు ఎఫ్‌ఐఏ అడిగే 25 జీ (సొంత బరువుకు 25 రెట్ల లాగుడు) లెక్కనే దీనికీ పట్టుకున్నాం. 10 కిలోలు 25 జీ దగ్గర 250 కిలోల లాగుడు. 8.8 గ్రేడు ఎం8 బోల్టుకు అదేం లెక్కలోది కాదు, చిరిగేది ఫ్లోర్ రేకు. కాబట్టి నాలుగు బోల్టులకూ కింద 60 × 60 మి.మీ., 3 మి.మీ. మందం ఉక్కు ప్లేట్లు వేశాం. పైన రెండు ర్యాచెట్ పట్టీలు, ఒకటి మూత మీదుగా. సాగే బంగీ తాళ్లు, వెల్క్రో ఈ పనికి పనికిరావు.

గొట్టాల కన్నాలు డబ్బా పక్క గోడకు పెట్టకూడదు, మూతకే పెట్టాలి. పక్కన పెడితే సీలు కారిన రోజు డబ్బా మొత్తం ఫ్లోర్ మీద ఖాళీ అవుతుంది. మూతలో కూడా రెండు పొరల మధ్య ఫోమ్ ఉంటుంది, కన్నంలోంచి నీళ్లు అందులోకి దిగితే ఇన్సులేషన్ పోయినట్టే. కన్నంలో పీవీసీ గొట్టం ముక్క దించి, రెండువైపులా సిలికాన్ పట్టించాక ఫిట్టింగ్ బిగించాం.

నీళ్లు లాగే గొట్టం చివర సరిగ్గా డబ్బా మధ్యలో, అడుగుకు ఆని ఉండాలి. 1 జీ మలుపులో నీటి మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. గొట్టం ఓ మూలన ఉంటే ప్రతి పొడవాటి మలుపులోనూ గాలి మింగుతుంది. తిరిగొచ్చే గొట్టం కూడా నీళ్లలో మునిగే ఉండాలి. పైనుంచి ధారగా పడితే నురగ లేచి, ఆ నురగే మళ్లీ పంపులోకి పోతుంది.

పంపు, బైపాస్

చొక్కాలో సన్నటి గొట్టాలు మీటర్ల కొద్దీ కుట్టి ఉంటాయి, వాటిలోంచి నీళ్లు తోయడానికి అక్వేరియం పంపు చాలదు. ఆర్ఓ బూస్టర్ పంపులు సాధారణంగా 24 వోల్టులవి, కారు కరెంటుకు కుదరవు. పొలాల్లో వాడే బ్యాటరీ స్ప్రేయర్ 12 వోల్టుల డయాఫ్రం పంపు సరిపోయింది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దాని ప్రెషర్ మాత్రం చొక్కాకు చాలా ఎక్కువ. నేరుగా కలిపితే చొక్కా గొట్టం ఫిట్టింగ్ నుంచి ఊడొచ్చి, డ్రైవర్ ఒళ్లో నీళ్లు పడతాయి.

అందుకని పంపు నుంచి గొట్టం బయటికొచ్చిన చోటే T ఆకారపు ఫిట్టింగ్ పెట్టి, ఒక కొమ్మను నీడిల్ వాల్వ్ మీదుగా తిరిగి డబ్బాలోకి మళ్లించాం. వాల్వ్ తిప్పి చొక్కా దగ్గర ప్రెషర్ 10 పీఎస్‌ఐకి సెట్ చేశాం. డ్రైవర్ కప్లర్ ఊడదీసినా పంపు మూసుకుపోయిన గొట్టం మీద ఒత్తకుండా ఈ దారిలో తిరుగుతుంది. బైపాస్ లేకుండా చొక్కా లైనులో వాల్వ్ పెట్టి నొక్కితే, పంపు ప్రెషర్ స్విచ్ టకటకా కొట్టుకుంటూ నీళ్లను విడతలుగా తోస్తుంది, కొన్నాళ్లకు స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి.

వైరు 1 చదరపు మి.మీ., ఫ్యూజు 5 ఆంపియర్లు. కరెంటు కిల్ స్విచ్ (కారు కరెంటు మొత్తం కట్ చేసే స్విచ్) తర్వాతి నుంచే తీసుకోవాలి. ప్రమాదంలో ఎవరైనా బయటి నుంచి కిల్ స్విచ్ లాగితే ఇదీ ఆగిపోవాలి. పంపు స్విచ్ మాత్రం, బెల్టులు బిగించుకున్నాక కూడా డ్రైవర్ చేతికి అందాలి.

గొట్టాలు, కప్లర్లు

6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న సిలికాన్ గొట్టం, మీద స్ప్లిట్ ఏసీ రాగి పైపులకు తొడిగే నల్ల నైట్రైల్ ఫోమ్. ఏసీ స్పేర్ షాపులో దొరికే 9 మి.మీ. మందానిది చాలు. ఫోమ్ లేకపోతే చెన్నై తేమకు గొట్టం బయట చెమ్మ పట్టి, బొట్లు బొట్లుగా కారి ఫ్లోర్ మీది కనెక్టర్లలోకి దిగుతుంది. ఫోమ్ అతుకుల దగ్గర టేపు వదిలేసినా అక్కడే కారడం మొదలవుతుంది.

కప్లర్ ఊడదీసినప్పుడు రెండు వైపులా దానంతట అదే మూసుకునే రకమే కావాలి. కంప్రెసర్ గాలి కప్లర్లు చూడ్డానికి అలాగే ఉంటాయి గానీ ఒకవైపే మూసుకుంటాయి. వెళ్లే లైనుకు ఆడ, వచ్చే లైనుకు మగ కప్లర్ పెట్టాం. చొక్కా లేనప్పుడు రెండూ ఒకదానికొకటి తగిలించి నీళ్లు తిప్పుతూ గాలి బుడగలు వెళ్లగొట్టొచ్చు. ఓవరాల్ జిప్పు కింది చివర నుంచి గొట్టం బయటికి తెచ్చి, నడుం బెల్టు పైనుంచి పోనిచ్చాం. బెల్టు కింద పడితే బిగించగానే నలిగి నీళ్లు ఆగిపోతాయి. భుజం మీద హాన్స్ (మెడకు రక్షణ ఇచ్చే పరికరం) కూర్చునే చోట కూడా చొక్కా గొట్టాలు నలుగుతాయి, ఆ జాగాలో గొట్టాలు లేని చొక్కా చూసి తీసుకోవాలి. గ్లౌజులు వేసుకుని, బెల్టులు కట్టుకుని, ఒంటిచేత్తో ఒక్క లాగుకు కప్లర్ ఊడాలి. ఊడకపోతే గొట్టం దారి మార్చాల్సిందే.

టెస్టు

తిరిగొచ్చే గొట్టాన్ని లీటరు సీసాలో పెట్టి టైం చూస్తే 75 సెకన్లకు నిండింది, అంటే నిమిషానికి 0.8 లీటర్లు. వెళ్లే నీళ్లకు, వచ్చే నీళ్లకు మధ్య తేడా 3 డిగ్రీలు ఉంటే చొక్కా 165 వాట్ల పైనే లాగుతున్నట్టు. తేడా 6, 7 డిగ్రీలు కనబడితే సంబరపడక్కర్లేదు. ఎక్కడో గొట్టం నలిగి నీళ్లు తగ్గాయేమో ముందు చూడాలి. కారులో ఎక్కించే ముందు ప్రతి అతుకు కింద టిష్యూ పేపర్ పరిచి గంటసేపు తిప్పాం. నీళ్లలో చుక్క ఫుడ్ కలర్ వేస్తే చిన్న కారుడు కూడా తెలిసిపోతుంది.

వాడేది ఆర్ఓ లేదా డిస్టిల్డ్ వాటర్. రేడియేటర్ కూలెంట్ కలపకూడదు, గ్లైకాల్ విషం, అది ఒంటి మీద కారే చోట ఉంటుంది. రోజు అయిపోగానే నీళ్లు వంచేసి, సైకిల్ పంపుతో ఊది గొట్టాలు ఆరబెట్టాలి, లేకపోతే పాచి పడుతుంది.

మిగిలింది వచ్చే లైనులో సెన్సర్ పెట్టి డాష్ మీద ఎర్ర దీపం వెలిగించడం. ఐస్ అయిపోయాక నీళ్లు కారు వేడికి 35 డిగ్రీలు దాటితే చొక్కా తిరిగి డ్రైవర్‌నే వేడి చేస్తుంది. దీపాన్ని 28 దగ్గర వెలిగేలా సెట్ చేస్తాం. అది వెలిగితే డ్రైవర్ పంపు ఆపి, కప్లర్ ఊడదీసి, ఆ ల్యాప్‌కే పిట్‌లోకి రావాలి.